దీపం ఆరని గుంత

స్వర్ణలతకు భయం వేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు. గ్యాసు కట్టేసి, తాళం వేసి, సందు మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి పొయ్యి ముట్టుకుని చూసుకునే మనిషి. కొడుకు విక్రమ్ డ్యూటీ దిగి రావలసిన వేళకు రాకపోతే, ఉప్పల్ రింగురోడ్డు మీద ఏ లారీ ఏం చేసిందోనని మనసులో బొమ్మ కట్టేది. ఆ బొమ్మలో వాడి బూటు ఏ పక్కన పడి ఉందో కూడా కనిపించేది. వాడు గుమ్మంలో బూట్లు విప్పుతూ "అన్నం వెట్టమ్మా" అన్నాక గానీ ఆ బొమ్మ చెరిగేది కాదు.

జనగామ వైపు నుంచి నాచారం వచ్చి విక్రమ్ వయసంత కాలమైంది. భర్త దయాకర్ ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆమె చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగినా తెలుగు గడగడా చదువుతుంది. ఇంగ్లిషు మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. చేతికి ఫోన్ వచ్చిన నాటి నుంచి ఆమె భయాలకు కొత్త మేత దొరికింది. మైకు బొమ్మ నొక్కి "కడుపుల ఎడమ పక్క నొప్పి" అని అడిగితే, అది చెప్పే రోగాల్లో అన్నిటికన్నా ఘోరమైనది ఏదో అదే తన ఇంట్లోవాళ్ళకు వచ్చిందని నమ్మేది.

ఆ నమ్మకం ఒకసారి కొడుకు నౌకరీ తినేసింది. ఐటీఐ కాగానే విక్రమ్ కాప్రాలో ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణంలో కుదిరాడు. బ్యాటరీ నీళ్ళ ఆవిరి పీలిస్తే ఎముకలు కరిగిపోతాయని ఎవరో పంపిన వీడియో చూసి, స్వర్ణలత వెనకాముందూ చూడకుండా ఆడపడుచును వెంటబెట్టుకుని దుకాణానికి పోయింది. కొనేవాళ్ళ ముందే ఓనరును నిలదీసింది. ఆయన నమస్కారం పెట్టి, మీ పిల్లగాణ్ణి భద్రంగా ఇంట్లోనే ఉంచుకోండమ్మా అన్నాడు. ఆ వీడియో ఏ దేశంలోనో ఒక కొంప తగలబడినప్పటిదని తరవాత తెలిసింది.

విక్రమ్ అరవలేదు. తల్లి చేయి పట్టుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఇగ నేను ఏడ పనిజేసినా నువ్వు ఆ గేటు కాడికి రావద్దు. నా మీద ఒట్టెయ్యి." ఆమె చేయి లాక్కోబోయింది. వాడు వదల్లేదు. గుడిగుడికీ తిరిగి దేవుళ్ళకు మొక్కే నోటితోనే ఆమె కొడుకు తల మీద ఒట్టు వేసింది. ఒట్టు తప్పితే ఆ తలకు ఏమవుతుందో ఎవరూ చెప్పకపోయినా ఆమెకు తెలుసు.

ఆ తరవాత హన్మయ్య వాణ్ణి తన కంపెనీలో పెట్టించాడు. హన్మయ్య వాళ్ళ ఊరివాడే. ఒకప్పుడు బావులు తవ్వేవాడు, పూడిక తీసేవాడు. బోర్లు వచ్చి బావుల పని పోయాక పట్నం చేరి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఈ చిన్న కంపెనీలో పాతబడ్డాడు. స్వర్ణలతను చెల్లె అనేవాడు. విక్రమ్‌కు ఆయన మామ. కంపెనీలో ఇనుప ముక్కలు ప్రెస్సుల్లో కొట్టి, వాటికి అంటిన నూనె జిడ్డు పోవడానికి ఒక మందులో ముంచి తీస్తారు. ఆ మందును కాచే ట్యాంకు నేలలో దింపిన లోతైన గుంతలో ఉంటుంది. మందును అక్కడి వాళ్ళు ట్రైక్లో అంటారు.

విక్రమ్ బట్టల్లో ఆ మందు వాసన వచ్చేది. కుళ్ళు వాసన కాదు, ఘాటూ కాదు. బాగా మాగిన పండులా తియ్యగా ఉండేది. అదే స్వర్ణలతకు నచ్చలేదు. చెడ్డది చెడ్డ వాసనే వెయ్యాలి కదా అనుకునేది. వారమంతా పనిచేసి శనివారానికి వాడు మత్తుగా కూర్చునేవాడు. కూరలో ఉప్పు లేదనేవాడు, ఉప్పు ఉండేది. ఒకసారి దోస్తు పెళ్ళిలో ఒక్క బీరు తాగి వస్తే ముఖం, మెడ, ఎవరో అరచేతులతో చరిచినట్టు ఎర్రగా కందిపోయాయి. ఒక్కటి కాదు, సీసాలు సీసాలు తాగి ఉంటావని ఆమె రెండు రోజులు వాడితో పలకలేదు. వాడు మాత్రం, కంపెనీలో అందరికీ ఇట్లనే అయితదమ్మా, మందు పీల్చినోనికి మందు తాగుడు దండుగని హన్మయ్య మామ నవ్వుతడు అన్నాడు. ఆమె నవ్వలేదు. కానీ గేటు దాకా పోనని ఒట్టు వేసిన మనిషి, ఏం చేస్తుంది?

దసరా వచ్చింది. ఆ కంపెనీలో ఆయుధపూజకు ముందురోజు మిషన్లన్నీ కడుగుతారు. ట్యాంకు కూడా సంవత్సరానికి అదొక్కసారే ఖాళీ అవుతుంది. మందు డ్రమ్ముల్లోకి తోడేసి, అడుగున పేరుకున్న నల్ల మడ్డిని ఒక మనిషి దిగి గీకాలి. ఎవరు దిగితే వాళ్ళే మర్నాడు పూజలో గుమ్మడికాయ కొడతారు. కంపెనీ సేఠు కొత్తబట్టలు ముందు వాళ్ళకే పెడతాడు. ఇన్నేళ్ళూ హన్మయ్యే దిగాడు. ఈసారి మోకాళ్ళు సహకరించడం లేదని, విక్రమ్ దిగుతాడని అందరి ముందూ చెప్పాడట. వాడు ఆ సంగతి తల్లికి చెబుతుంటే ముఖం వెలిగిపోతోంది. చేరి నిండా ఏడాది కాలేదు, వాడికి ఇంతకన్నా పెద్ద మర్యాద ఏముంది!

స్వర్ణలత కంచం పక్కకు జరిపింది. గుంతలోకి దిగడమా? దయాకర్ కల్పించుకుని హన్మయ్య ఊరకే దింపడన్నాడు. బావిలో దింపినట్టే ముందు దీపం దింపుతాడట. దీపం ఆరిపోతే గాలి చెడ్డదని అర్థం, ఆరకపోతే దిగొచ్చు. ఆ మాట వినగానే ఆమెకు కాస్త ఊపిరి వచ్చింది. తన చిన్నతనంలో ఊరి బావిలో లాంతరు దింపడం ఆమె చూసింది. ఒకసారి లాంతరు సగంలోనే చప్పున ఆరిపోతే మనుషులు వెనక్కి తగ్గడమూ చూసింది. ఫోన్ చెప్పేది నిజమో అబద్ధమో గానీ లాంతరు అబద్ధమాడదు. ఆమె ఆ పూట కడుపునిండా తిన్నది.

మర్నాడు సద్దుల బతుకమ్మ. విక్రమ్ పొద్దున్నే టిఫిను కట్టుకుని పోయాడు. స్వర్ణలత వరండాలో చాప పరిచి గునుగు పూలకు రంగు అద్దుతోంది. పైవాటాలో అద్దెకుండే వాళ్ళ అమ్మాయి సాయి ప్రియ సాయానికి వచ్చింది. వాళ్ళది గుంటూరు వైపు. తండ్రి తార్నాకలో ఏదో సర్కారు పరిశోధనశాలలో పని చేస్తాడు, ఈ పిల్ల బీఫార్మసీ చదువుతోంది. చేతులకు గులాబి రంగు అంటుకుని ఉండగా స్వర్ణలత చిటికెనవేలితో ఫోన్ తెరిచి కొడుకు పెట్టిన స్టేటస్ చూసింది. నిన్న సాయంత్రం కంపెనీలో దిగిన ఫొటో. విక్రమ్, ఇంకో ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డారు. వెనక ఒక డ్రమ్ము, దాని మీద కాగితం, కాగితం మీద ఎర్రగీతల నలుచదరంలో ఒక నల్లటి మనిషి. ఆ మనిషి రొమ్ము చిట్లినట్టు తెల్లగా పగిలి ఉంది.

ఆమె ఆ బొమ్మను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. చేతి రంగు ఫోన్ అద్దానికి అంటి ఆ మనిషి గులాబి రంగుకు తిరిగాడు.

మైకు నొక్కి, ట్రైక్లో అంటే ఏందని అడిగింది. ఫోన్ ముందు అమ్మకానికి పెట్టిన సీసాలు చూపించింది. తరవాత వీడియోలు వచ్చాయి. ఢమఢమా సంగీతం, పుర్రె బొమ్మలు, మీ ఇంట్లో ఉన్న ఈ విషం అంటూ ఒకాయన గొంతు చించుకుంటున్నాడు. బ్యాటరీల వీడియోలో ఉన్న గొంతు లాంటిదే. ఇలాంటి మాట నమ్మే కదా ఒకసారి మోసపోయాను అనిపించి ఆమె చేయి ఆగింది. కానీ ఆ పగిలిన రొమ్ము కళ్ళలోంచి పోలేదు. సాయి ప్రియకు ఫోన్ చూపించి విషయం చెప్పింది. మా ఇంట్లోవాళ్ళ లాగ నువ్వు నవ్వకు బిడ్డా అని ముందే బతిమాలుకుంది.

సాయి ప్రియ మొదట నవ్వింది కూడా. "ఆ వీడియోలు మూసేయండి ముందు ఆంటీ. వాటిల్లో భయం తప్ప ఏమీ ఉండదు. ఇలాంటి ప్రతి మందుకీ సేఫ్టీ డేటా షీట్ అని ఒకటి ఉంటుంది, తయారుచేసే కంపెనీవాళ్ళే పెడతారు. అది చూద్దాం." డ్రమ్ము మీది పేరు అక్షరాలు కూడబలుక్కుని కొట్టింది. సంగీతం లేదు, బొమ్మలు లేవు. తెల్లకాగితం మీద నల్లక్షరాలు, ప్రభుత్వం కాగితంలా బోసిగా ఉంది. ఆ పిల్ల ఒక్కో మాట తెలుగులో చెబుతూ పోయింది.

కేన్సరు అన్న మాట వినగానే స్వర్ణలత ఏడుపు అందుకుంది. అది ఏళ్ళ తరబడి పీలిస్తే వచ్చే ప్రమాదం, ఇప్పుడే గాభరా పడకండి అని సాయి ప్రియ ఆమె వీపు నిమిరింది. మత్తు, తలతిరుగుడు, అయినదానికీ కానిదానికీ నవ్వు అని చదివింది. మందు పీల్చేవాళ్ళు సారా, బీరు లాంటివి తాగితే ముఖమూ మెడా ఎర్రగా కందుతాయని చదివింది. స్వర్ణలత ఏడుపు టక్కున ఆగింది. ఆ ఎర్రటి మచ్చల సంగతి తను ఈ పిల్లతో చెప్పలేదు. ఎవరితోనూ చెప్పలేదు. ఆ కాగితం రాసినవాళ్ళు ఎక్కడివాళ్ళో, తన కొడుకు మెడను చూసి రాసినట్టు రాశారు. అప్పుడు నమ్మింది.

సాయి ప్రియ ఇంకో మాట గొంతు మార్చకుండా చదివేసి ముందుకు పోబోయింది. దీని ఆవిరి గాలికన్నా బరువు, గుంతల్లోనూ పల్లపు చోట్లనూ నిలుస్తుంది.

"మళ్ళ సదువు," అంది స్వర్ణలత.

ఆ పిల్ల మళ్ళీ చదివింది. ఈసారి చదువుతూనే తలెత్తింది. ఎందుకు అడుగుతున్నారు ఆంటీ అంది. స్వర్ణలత గుంత సంగతి చెప్పింది. మందు తోడేశారనీ, రెండురోజులుగా మూత తీసే ఉంచారనీ, అయినా హన్మయ్య దీపం దింపి చూస్తాడనీ, ఆరకపోతేనే తన కొడుకు దిగుతాడనీ చెప్పింది. చెబుతూ ఆ పిల్ల ముఖం చూస్తోంది. ఏం భయం లేదంటుందేమోనని.

సాయి ప్రియ ఫోన్లో వేళ్ళు గబగబా కదిలించింది. ఇలాంటి గుంతల్లో దిగే పని గురించి ఇంకో పేజీ తెరిచింది. కాసేపు తనలో తనే చదువుకుంది. "దీపం ఆరకపోతే గాలిలో ప్రాణవాయువు ఉందని మాత్రమే తెలుస్తుంది ఆంటీ. ఈ ఆవిరి మనిషిని పడగొట్టేంత ఉన్నా దీపం మామూలుగానే వెలుగుతుంది." పెదాలు తడుపుకుంది. "ఇంకోటి ఉంది. ఈ ఆవిరికి మంట తగిలితే వేరే విషవాయువులు పుడతాయట. ఫాస్జీన్ అని." ఆ పేరు మీద నొక్కితే పాత యుద్ధం బొమ్మలు వచ్చాయి, ముఖాలకు తొడుగులు వేసుకున్న సైనికులు. ఆ పిల్ల గబుక్కున మూసేసింది గానీ స్వర్ణలత చూడనే చూసింది. దాన్ని పీల్చినవాళ్ళు ముందు బాగానే ఉంటారని, కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని కూడా ఆ పేజీలో రాసుంది. లోపల పడ్డ మనిషిని తీయబోయి వెనకే దిగినవాళ్ళే ఎక్కువమంది పోతారని రాసుంది.

విక్రమ్‌కు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పని వేళల్లో ఫోన్లన్నీ సూపర్‌వైజరు సొరుగులో ఉంటాయి. దయాకర్ బోడుప్పల్‌లో సరుకు దింపుతున్నాడు. అంతా విని, మళ్ల మొదలువెట్టినవా, పండుగ పూట వాని పరువు తియ్యకు అని ఫోన్ పెట్టేశాడు. హన్మయ్య నంబరు కలవలేదు.

స్వర్ణలత పూల మధ్యలోంచి లేచింది. ఒట్టు గుర్తొచ్చింది. తన చేతి కింద వాడి జుట్టు మెత్తగా తగిలినట్టే ఉంది. పోతే ఒట్టు తప్పినట్టు, పోకపోతే వాడు గుంతలో దిగినట్టు. ఎటు పోయినా వాడి తలే. గుమ్మంలో ఒక్క క్షణం నిలబడిపోయింది. తరవాత సాయి ప్రియను స్కూటీ తియ్యమంది.

కంపెనీ గేటుకు మామిడాకులు, బంతిపూల దండలు కట్టారు. లోపల స్పీకరులోంచి పాట మోగుతోంది. కడిగిన నేల తళతళలాడుతోంది. ఇంత పండుగ కళ ఉన్నచోట చావు ఎలా ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. స్వర్ణలతకు అట్లా అనిపించలేదు. ఆ తియ్యటి వాసన ముక్కుకు తగలగానే ఆమె నడక పరుగైంది. సాయి ప్రియ గేటు దగ్గరే ఆగి, అంబులెన్సుకూ ఫైరింజనుకూ ఫోన్ చేయాలా వద్దా అని తడబడుతూ నిలబడింది.

గుంత చుట్టూ మనుషులు గుమిగూడి ఉన్నారు. హన్మయ్య తాడుకు కట్టిన ఇత్తడి దీపాన్ని అప్పుడే పైకి లాగాడు. మంట నిటారుగా, నిశ్చలంగా వెలుగుతోంది. విక్రమ్ ముఖానికి తడిగుడ్డ కట్టుకుని ఇనుప నిచ్చెన మీద సగం దిగి ఉన్నాడు. తల్లిని చూడగానే గుడ్డ పైన వాడి కళ్ళు చిన్నవయ్యాయి.

"బయటికి రా బిడ్డా," అంది ఆమె. వాడి వైపు చేయి చాపింది.

సూపర్‌వైజరు పరంధామయ్య అడ్డం వచ్చాడు. కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పోతానంటే ఆటో పిలిపిస్తానన్నాడు. అందరూ నవ్వారు. ఆమె ఫోన్ తీసి చదవబోయింది. సాయి ప్రియ పంపిన కాగితం ఇంగ్లిషులో ఉంది. ఫాస్జీన్ అన్న మాట ఆమె నోట మూడు రకాలుగా పలికింది. ఆవిరి బరువంటుంది, దీపం విషమంటుంది, చెప్పే వరస తప్పిపోయింది. చేతుల నిండా గులాబి రంగు, కొప్పులో గునుగు రెక్కలు. ఆమె చెబుతున్నకొద్దీ నవ్వులు పెరిగాయి. విక్రమ్ చెవులు ఎర్రబడ్డాయి. నిచ్చెన మీద ఇంకో మెట్టు కిందికి వేశాడు.

అప్పుడు ఆమె గుంత అంచున కూలబడి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని, కాళ్ళు నిచ్చెన మీద పెట్టింది. "నువ్వు దిగు. నీ ఎన్కనే నేను దిగుత. నువ్వు ఎంత లోతుకు వోతే నేనూ అంతే."

నవ్వులు ఆగాయి. అంతమంది మగవాళ్ళ ముందు తల్లి కాళ్ళు తన నెత్తి మీద ఊగుతుంటే వాడు ఎంతసేపు నిలబడతాడు? పైకి వచ్చాడు. ముఖం మీది గుడ్డ పీకి నేలకు కొట్టాడు. "నా మీద ఒట్టేసినవ్, యాదికున్నదా నీకు?" అన్నాడు మెల్లగా, ఆమెకు మాత్రమే వినపడేలా.

హన్మయ్య ఇద్దరి మధ్యకు వచ్చాడు. ఆయనకు నొచ్చుకున్నట్టే ఉంది. "చెల్లె, నీ కొడుకు పుట్టకముందు సంది నేను బాయిలల్ల దిగుతున్న. దీపం ఆరలేదు, నీ కండ్లతోనే సూసినవ్ గద. పండుగ పూట వానికి ఎందుకు సిగ్గు తెస్తవ్? నేనే దిగుత, సూడు." చీపురూ గీకుడు రేకూ అందుకున్నాడు. మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగసాగాడు.

"వద్దు అన్నా," అంది స్వర్ణలత. ఒక్కసారే అంది. ఆయన వినిపించుకున్నాడో లేదో చూడలేదు. ఆమె రెండు కళ్ళూ, రెండు చేతులూ కొడుకు మీదనే ఉన్నాయి. వాడు పైన ఉన్నాడు, అంతవరకు చాలనుకుంది.

కింద రేకు గీకే చప్పుడు వచ్చింది. హన్మయ్య ఏదో పరాచికం ఆడాడు, పైనున్నవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. పైవాళ్ళ నవ్వు అయిపోయాక కూడా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. సాగదీసి, తాగినవాడిలా నవ్వాడు. మందు బాగా ఎక్కింది మామకు అన్నారెవరో. తరవాత రేకు చప్పుడు ఆగింది. ఆయన అలసిపోయినట్టు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తల ఒక పక్కకు వాలింది. చీపురు చేతిలోంచి జారింది.

"మామా," అని పిలిచాడు విక్రమ్. రెండోసారి పిలవలేదు, నిచ్చెన మీదికి దూకబోయాడు.

స్వర్ణలత వాడి కాళ్ళను చుట్టేసుకుంది. ఇద్దరూ కడిగిన నేల మీద పడ్డారు. వాడు తన్నుకున్నాడు. ఆమె చేతులు విప్పడానికి వేళ్ళు విరిచాడు. ఆమె ముఖం వాడి పిక్కల్లో దాచుకుని, ఇనుప కడియంలా బిగుసుకుపోయింది. "ఇడువమ్మా, సచ్చిపోతుండు మామ," అని వాడు ఏడుస్తున్నాడు. ఆమెకు తెలుసు. చచ్చిపోతున్నాడని ఆమెకూ తెలుసు. అయినా వదల్లేదు.

ఇంకొకడు నిచ్చెన మీద నాలుగు మెట్లు దిగి, తల తూలి, చొక్కా పట్టుకుని లాగితే పైకి వచ్చి కక్కుకున్నాడు. దాంతో మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పరంధామయ్య సేఠుకు ఫోన్ చేస్తున్నాడు. నిచ్చెన దిక్కు పోనని విక్రమ్ తల్లి చెవిలో చెప్పాక గానీ ఆమె వాణ్ణి వదల్లేదు. వదలగానే వాడు పొడుగాటి ఇనుప కొక్కెం తెచ్చి గుంత అంచున బోర్లా పడుకున్నాడు. మెడ లోపలికి వంచి హన్మయ్య చొక్కాకు కొక్కెం తగిలించాలని చూశాడు. కొక్కెం తగిలేది, జారేది. స్వర్ణలత వాడి నడుము పట్టుకుని వెనక్కి గుంజుతూనే ఉంది. వాడి తల మాత్రం గుంతలోనే ఉంది. పక్కన ఎవరూ ఆర్పని దీపం అట్లాగే వెలుగుతోంది.

ఫైరింజను వచ్చింది. సాయి ప్రియ చేయాలా వద్దా అనుకుంటూనే చేసేసింది. వీపున గాలి సిలిండర్లు, ముఖాలకు తొడుగులు ఉన్నవాళ్ళు దిగి హన్మయ్యను తాడుతో పైకి తెచ్చారు. ఆయన పెదాలు నేరేడు రంగులో ఉన్నాయి. ఊపిరి ఉందా అని ఎవరో అడిగారు. ఉన్నట్టే ఉందన్నారు.

ఉప్పల్ వెళ్ళే దారిలోని ఒక ప్రైవేటు దవాఖానాలో ఆయనను లోపలికి తీసుకున్నారు. అద్దాల తలుపు అవతల మిషన్లు కూస్తున్నాయి. హన్మయ్య భార్య సత్తమ్మ బోడుప్పల్ నుంచి వచ్చింది. బతుకమ్మ కోసం కట్టుకున్న పట్టుచీర మీదే వచ్చింది. జరిగిందంతా పరంధామయ్య చెప్పాడు. చెప్పేటప్పుడు స్వర్ణలత ముందే వద్దన్నదనీ, ఫోన్ చూపించిందనీ కూడా చెప్పాడు. మంచిమాటగానే చెప్పాననుకున్నాడు.

సత్తమ్మ వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. తిట్టలేదు, జుట్టు పట్టుకోలేదు. "నీకు ఎర్కనే ఉండె," అంది. "నీ కొడుకు కాళ్ళు వట్టుకున్నవ్. నా మనిషి నీ ముంగట్నే దిగిండు గదా వదినా, ఆయన కాళ్ళు ఎవలు వట్టుకోవాలె?"

 వద్దని ఒక్కసారే అన్నాను, అదీ మెల్లగానే అన్నాను అని స్వర్ణలత చెప్పలేదు. సొంత చెల్లెలిలా ఇన్నేళ్ళూ రాఖీ కట్టిన చేతిని, ఆయన దిగుతుంటే పట్టుకోలేదని చెప్పలేదు. బెంచీ చివరికి జరిగి సత్తమ్మకు చోటిచ్చింది. సత్తమ్మ కూర్చోలేదు.

దయాకర్ వచ్చాడు, సేఠు తరఫున ఎవరో వచ్చారు. విక్రమ్ కొన్ని గంటలుగా గోడవారగానే నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా తల్లివైపు చూడలేదు. అప్పుడే చిన్నగా దగ్గాడు.

స్వర్ణలత తలెత్తింది. వాడు మళ్ళీ దగ్గాడు. గొంతులో నలక పడినట్టు, పొడిగా. దుమ్మేమో అన్నాడు దయాకర్. ఆమె వినలేదు. లేచి వెళ్ళి వాడి పెదాలు చూసింది. గోళ్ళు చూసింది. తరవాత ఫోన్ పట్టుకుని, దారిలో పోతున్న డ్యూటీ డాక్టరుకు అడ్డం నిలబడింది. ఆయన చిన్నవాడే, చిరాకులో ఉన్నాడు. అమ్మా, పేషెంటు లోపలున్నాడు, ఈ అబ్బాయి బాగానే ఉన్నాడు కదా అన్నాడు. ఈసారి ఆమె ఫాస్జీన్ పేరు సరిగ్గా పలికింది. దీపం సంగతి చెప్పింది, గుంతలోకి వంగిన సంగతి చెప్పింది. వరస తప్పకుండా చెప్పింది. ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

డాక్టరు చదువుతూ చదువుతూ నడక ఆపాడు. వేలితో కాగితం పైకి జరిపి మళ్ళీ చదివాడు. విక్రమ్ వైపు చూసి, ఎంతసేపు వంగి ఉన్నావని అడిగాడు. నర్సును పిలిచి ఏదో ఇంగ్లిషులో గబగబా చెప్పాడు. "ఇతన్ని ఇంటికి పంపొద్దు. నడవనివ్వొద్దు కూడా, ఉన్నచోటికే మంచం తీసుకురండి."

మంచం వచ్చింది. విక్రమ్ పడుకున్నాడు. ముక్కు మీద ఆక్సిజన్ తొడుగు పెట్టారు. వేలికి చిన్న క్లిప్పు తగిలించారు, దాని మీద ఎర్రటి అంకె వెలిగింది. డాక్టరు ఆ అంకె చూసి, క్లిప్పు ఇంకో వేలికి మార్చి మళ్ళీ చూశాడు. కాసేపాగి వస్తానని పోయాడు. స్వర్ణలత కొడుకు తలాపున కూర్చుంది. వాడి నుదుటి మీద చేయి వేయబోయి, తలను తాకడానికి భయమేసి, మంచం కమ్మి పట్టుకుంది.

వాడు తొడుగు కొంచెం ఎత్తి, దవాఖానాకు వచ్చాక మొదటిసారి ఆమెతో మాట్లాడాడు. "అమ్మా, ఇంకేం రాసుంది అండ్ల? నాకు సదువు."

సాయి ప్రియ ఆ కాగితాన్ని ఇప్పుడు తెలుగులోకి మార్చి ఫోన్‌కు పంపింది. స్వర్ణలత వాడి చెవి దగ్గరికి వంగి, బడిలో పాఠం చదివినట్టు వేలు పెట్టి చదివింది. రోగిని కదలనివ్వరాదు. వెచ్చగా ఉంచాలి. ధారాళంగా గాలి ఆడాలి. కనిపెట్టి చూస్తుండాలి. దాని కింద ఇంకో పంక్తి ఉంది. ఆమె కళ్ళు ఆ పంక్తి చివరిదాకా పోయి, వెనక్కి వచ్చాయి. బొటనవేలు దాని మీదికి జరిపింది.

"గంతేనా?" అన్నాడు విక్రమ్.

"గంతే బిడ్డా," అంది స్వర్ణలత. "ఏం ఫికర్ లేదని రాసిన్రు."

వాడు కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఫోన్ ఒళ్ళో బోర్లించి, వాడి రొమ్ము లేవడమూ దిగడమూ చూస్తూ కూర్చుంది.